పాల బండికి షాక్ అబ్జార్బర్లు మార్చవలసి వచ్చినపుడు

మన సంఘాలలో చాలావాటికి బల్క్ కూలర్లు వచ్చి, టాంకరు నేరుగా సంఘం గుమ్మం ముందుకే వస్తున్నది. అయినా రోడ్డు సరిగా లేని ఊళ్ళలోను, పాలు తక్కువగా వచ్చే సంఘాలలోను ఇంకా 40 లీటర్ల క్యాన్లు, ఒక పాత పికప్ బండి, ఒక డ్రైవరు, ఇవే ఆధారం. ఆ బండి కొన్ని చోట్ల సంఘానిదే. కొన్ని చోట్ల నాలుగైదు సంఘాలు కలిసి కిరాయికి పెట్టుకొన్నది. దాని కింద ఉండే షాక్ అబ్జార్బర్లను గురించి పాలకవర్గం సమావేశాలలో చర్చ జరగడం నేను ఇంతవరకు ఎక్కడా చూడలేదు. టైర్లకు తీర్మానం ఉంటుంది, బ్యాటరీకి తీర్మానం ఉంటుంది. షాక్ అబ్జార్బరు మాత్రం విరిగి కింద వేలాడినపుడే గుర్తుకు వస్తుంది.

దీనిని గురించి వ్రాయడానికి నాకు ఒక కారణం ఉన్నది. కొన్నేళ్ళ క్రితం నల్లమల అంచున ఉన్న ఒక సంఘం నుండి ఫిర్యాదు వచ్చింది. సంఘంలో సభ్యుల పాలకు వచ్చే సగటు వెన్నశాతానికీ, శీతలీకరణ కేంద్రంలో వచ్చే శాతానికీ 0.2 వరకు తేడా వస్తున్నది. రోజుకు 400 లీటర్ల సంఘం. 400 లీటర్లంటే సుమారు 412 కిలోలు. అందులో 0.2 శాతం అంటే రోజుకు 800 గ్రాములకు పైగా వెన్న. కిలో వెన్నకు 700 రూపాయలు వేసుకొన్నా రోజుకు 570 రూపాయలు దాటింది, నెలకు 17,000 రూపాయలు దాటింది. ఆ డబ్బు ఎక్కడికి పోయిందని సభ్యులు అడిగితే కార్యదర్శి జవాబు చెప్పలేకపోయాడు. ఒక పెద్దావిడ నా ముందే నిలబడి, "అయ్యా, మా గేదె పాలకి ఇక్కడ ఏడు చూపించారు. దారిలో మా వెన్న ఎవరు తిన్నారో మీరే తేల్చి చెప్పండి" అన్నది. నేను పుస్తకాలు చూసి, పరీక్ష పరికరాలు చూసి, లోపం కనిపించక, కార్యదర్శికి సంజాయిషీ నోటీసు ఇచ్చి వచ్చాను. అప్పటికి నాకు తోచింది అదే.

తరువాత ఒకరోజు తెల్లవారుజామున ఆ బండిలోనే డ్రైవరు పక్కన కూర్చుని కేంద్రానికి వెళ్ళాను. రైలు గేటు దాటినపుడు బండి ఒకసారి ఎగిరి, ఆ తరువాత ఉయ్యాల మాదిరి అయిదారుసార్లు ఊగింది. "ఎన్నాళ్ళయిందయ్యా ఇట్లా?" అని అడిగితే, "రెండేళ్ళ బట్టీ ఇంతే సార్. ఊగుద్దిగానీ నడుస్తది" అన్నాడు. కేంద్రంలో క్యాను మూతలు తీయించాను. నిండుగా ఉన్న క్యాన్లు బాగానే ఉన్నాయి. సగం సగం ఉన్న మూడు క్యాన్లలో మూతకు అడుగున, మెడ చుట్టూ తెల్లని వెన్నపూసలు. పాలు వడకట్టే జల్లెడలో మరికొంత. శాంపిలు తీసే గరిటెలోకి ఆ వెన్న ఎట్లా వస్తుంది? దారిలో వెన్న తిన్నది ఎవరూ కాదు. బండే కవ్వమై చిలికింది.

మన ఇళ్ళలో ఆడవారికి ఇది తెలిసిన సంగతే. ఎండాకాలం వెన్న తొందరగా పడదని కుండలో చన్నీళ్ళు పోస్తారు. మరీ వెచ్చని పాలలో కొవ్వు కరిగి ఉంటుంది, మరీ చల్లని పాలలో గట్టిపడి ఉంటుంది. నడుమ 10 నుండి 25 డిగ్రీల వేడిలో సగం గట్టిగా, సగం మెత్తగా ఉన్న కొవ్వు బొట్లు ఒకదానికొకటి తగిలితే అంటుకొంటాయి. ఆ సంఘంలో సాయంత్రపు పాలు నీళ్ళ తొట్టెలో నిలిపి పొద్దుటి పాలతో కలిపి పంపేవారు (ఇది మంచి పద్ధతి కాదని అప్పుడే చెప్పాను). చలికాలం కావడం చేత పాలు సరిగ్గా ఆ వేడికి వచ్చి, సగం ఖాళీ క్యాన్లలో గాలి కలిసి, బండి ఊపుకు చిలికినట్లయింది. పైగా అట్లా చిలికిన పాలలో కొవ్వు బొట్ల పైపొర చిరిగి, పాలకు ముక్క వాసన తొందరగా పడుతుంది.

కార్యదర్శికి ఇచ్చిన నోటీసును వెనక్కి తీసుకొన్నాను. దానితోపాటు నేను చదువుకొన్న మెకానికల్ డిప్లొమాను ఆరోజు చాలా ఏళ్ళ తరువాత బయటకు తీశాను.

అసలు ఇది చేసే పని

షాక్ అబ్జార్బరు అన్న పేరు కొంత తప్పుదారి పట్టిస్తుంది. గుంతలో పడిన దెబ్బను తీసుకొనేది కమాన్ కట్ట. బండి బరువును మోసేది కూడా అదే. దెబ్బ తిన్న కమాను తిరిగి పైకి లేస్తుంది, మళ్ళీ కిందికి వస్తుంది, మళ్ళీ లేస్తుంది. ఈ ఊపును ఒకటి రెండు సార్లతో ఆపివేయడమే షాక్ అబ్జార్బరు పని. లోపల గొట్టం నిండా నూనె, నూనెలో పిస్టన్, పిస్టన్‌కు సన్నని రంధ్రాలు, వాటికి కవాటాలు ఉంటాయి. కడ్డీ కదిలినపుడల్లా నూనె ఆ సన్నని దారిలో నుండి బలవంతంగా పోవలసి ఉంటుంది. ఆ శ్రమలో ఊపు వేడిగా మారి బయటకు పోతుంది.

దీనివల్ల ఒక సంగతి సభ్యులు గ్రహించాలి. బరువు ఎక్కువైతే బండి కిందికి దిగుతున్నదని గట్టి షాక్ అబ్జార్బర్లు వేయించడం వృథా. అవి బరువు మోయవు. పాలతో నిండిన ఒక క్యాను, క్యాను బరువుతో కలిపి, దాదాపు 50 కిలోలు. 20 క్యాన్లు ఎక్కిస్తే ఒక టన్ను. మీ బండి ఆర్.సి.లో వ్రాసిన బరువు ఎంతో ముందు చూసుకోవాలి. అంతకు మించితే ఏ షాక్ అబ్జార్బరూ నిలవదు.

ఇక అది పోతే చెడేది పాలు మాత్రమే కాదు. చక్రం నేలను వదిలి గెంతుతూ ఉంటే బ్రేకు వేసినా బండి ఆగవలసిన చోట ఆగదు. మలుపులో వెనుక భాగం పక్కకు జారుతుంది. తెల్లవారక ముందు మంచులో నడిచే బండ్లు మనవి. ఈ ఒక్క కారణం చాలు.

పోయిందని ఎట్లా తెలుస్తుంది

బండి మూలను చేతితో నొక్కి వదిలితే ఒకసారి లేచి ఆగాలని అందరూ చెబుతారు. చిన్న కారుకు అది కొంతవరకు సరే. కమాన్ కట్టలున్న పికప్పుకు అంతగా పనికిరాదు. ఖాళీ బండిలో కమాను చాలా గట్టిగా ఉంటుంది, పట్టీల మధ్య రాపిడే ఊపును కొంత ఆపివేస్తుంది. షాక్ అబ్జార్బరు పూర్తిగా పోయినా పరీక్షలో నెగ్గుతుంది.

నేను నమ్మే పరీక్ష వేరు. గుంతల దారిలో అయిదారు కిలోమీటర్లు నడిపి, బండి ఆపి, చక్రాలకు అడ్డు పెట్టి, నాలుగు షాక్ అబ్జార్బర్ల గొట్టాలను జాగ్రత్తగా చేతితో తాకి చూడాలి. పొగ గొట్టానికి మాత్రం చేయి తగలనివ్వకూడదు. పనిచేస్తున్నది వెచ్చగా ఉంటుంది. మూడు వెచ్చగా ఉండి ఒకటి చల్లగా ఉంటే ఆ చల్లనిది పని మానివేసిందన్న మాట. నాలుగూ చల్లగా ఉంటే చెప్పవలసిన పనే లేదు.

రెండవది నూనె. కడ్డీ దగ్గర పలచని తడి, దానిమీద కొద్దిగా దుమ్ము అంటుకొని ఉంటే భయపడనక్కరలేదు. గొట్టం పొడుగునా నూనె కారి మట్టి ముద్దగా పట్టి ఉంటే సీలు పోయినట్లే. మూడవది టైర్లు. టైరు చుట్టూ అరచేయి తిప్పితే అక్కడక్కడ పల్లాలు, మిట్టలు తగులుతాయి. చక్రం గెంతుతూ నేలను అక్కడక్కడ మాత్రమే గీకడం వలన ఇట్లా అవుతుంది. అయితే టైరు సమతూకం తప్పినా, చక్రపు బేరింగు వదులైనా ఇదే గుర్తు కనబడుతుంది కావున ఒక్క టైరును చూసి నిర్ణయానికి రాకూడదు.

షాక్ అబ్జార్బరు మీద నేరం మోపే ముందు కమాన్ కట్టను చూడాలి. ఒక పట్టీ విరిగిందా, సెంటర్ బోల్టు తెగిందా, యు-బోల్టులు వదులయ్యాయా, షాకిల్ బుష్షులు అరిగాయా చూసి తరువాతనే కొత్తవి కొనాలి. టకటక శబ్దం వస్తే సగం సందర్భాలలో అది షాక్ అబ్జార్బరు చివరి రబ్బరు బుష్షు అరిగినందువల్లనే. తక్కువ ఖర్చుతో పోయేదానికి జత మార్చిన సంఘాలు నాకు తెలుసు.

ఏది కొనాలి

పాత బండికి కొనేటపుడు మొదటి చిక్కు పేరుతో వస్తుంది. ఒకే పేరుతో ఒక బండి పదిహేను ఇరవై ఏళ్ళు అమ్ముడుపోతుంది. మధ్యలో కంపెనీ ఇరుసు మారుస్తుంది, కమాను మారుస్తుంది, షాక్ అబ్జార్బరు తగిలించే చోటు మారుస్తుంది. దుకాణంలో బండి పేరు చెప్పి తెచ్చుకొన్నది ఒక అంగుళం పొట్టిదైనా, పొడుగుదైనా ఆశ్చర్యం లేదు. కావున ఛాసిస్ నంబరు, తయారైన సంవత్సరం, ముందుదా వెనుకదా అన్నది వ్రాసుకొని వెళ్ళాలి. పాతది విప్పి చేతిలో పట్టుకొని వెళ్ళడం ఇంకా మంచిది. రెండు చివరలా కన్ను ఉన్నదా, ఒక చివర మరకడ్డీ ఉన్నదా, కన్ను లోపలి గొట్టపు వ్యాసం ఎంత, అన్నీ పోల్చి చూడాలి.

పొడవు విషయం కొంచెం వివరంగా చెప్పవలసి ఉన్నది. ఎందుకంటే నేను చూసిన నష్టాలలో ఎక్కువ ఇక్కడే జరిగాయి. ప్రతి షాక్ అబ్జార్బరుకు మూసిన పొడవు, తెరిచిన పొడవు అని రెండు ఉంటాయి. ఉదాహరణకు మూసినపుడు 30 సెంటీమీటర్లు, తెరిచినపుడు 48 సెంటీమీటర్లు అనుకొందాము. ఖాళీ బండి సమమైన నేలమీద నిలబడినపుడు పై బోల్టు నుండి కింది బోల్టు వరకు కొలిస్తే 40, 41 వస్తే సరిపోతుంది. కిందికీ దారి ఉన్నది, పైకీ దారి ఉన్నది. బరువు ఎక్కి గుంతలో పడినపుడు షాక్ అబ్జార్బరు పూర్తిగా మూసుకుపోక ముందే ఇరుసు వెళ్ళి రబ్బరు దిమ్మకు తగలాలి. ఆ దెబ్బ తినవలసినది రబ్బరు దిమ్మ, షాక్ అబ్జార్బరు కాదు.

ఒక సంఘంలో బరువు ఆగడం లేదని కమాన్ కట్టకు ఒక పట్టీ అదనంగా వేయించారు. దానివల్ల బండి వెనుక భాగం పైకి లేచింది. షాక్ అబ్జార్బర్లు మాత్రం పాత కొలతవే తెచ్చారు. ఖాళీగా నిలబడినపుడే అవి దాదాపు పూర్తిగా సాగి ఉన్నాయి. ప్రతి గుంతకు చక్రం కిందికి దిగబోతే దానిని పట్టి ఆపేది షాక్ అబ్జార్బరే అయింది. మూడు నెలలలో ఒకదాని పై కన్ను ఊడింది, రెండవదాని సీలు పోయింది. సరుకు నకిలీదని దుకాణదారుతో తగాదా పెట్టుకొన్నారు. పాపం, అతని తప్పేమీ లేదు. పట్టీ వేయించినవారు ఒక కొలత కర్ర పట్టుకొని ఉంటే తెలిసేది.

ఇక రకాలు. సాధారణ రకంలో గొట్టంలో గొట్టం ఉండి నూనె మాత్రమే ఉంటుంది. ధర తక్కువ. గతుకుల దారిలో గంటల తరబడి నడిస్తే నూనెలో గాలి కలిసి నురగ పడుతుంది. నురగకు పట్టు ఉండదు కాబట్టి దారి చివరకు వచ్చేసరికి బండి మెత్తబడుతుంది. రెండవ రకంలో అదే జంట గొట్టంలో కొద్ది ఒత్తిడితో నైట్రోజన్ వాయువు నింపుతారు. నురగ తక్కువ. మూడవది ఒకే గొట్టంలో ఎక్కువ ఒత్తిడితో వాయువు నింపినది. వేడిని తొందరగా వదులుతుంది, పని చురుకుగా ఉంటుంది. కాని దానిలో పిస్టన్ బయటి గొట్టానికే ఆనుకొని నడుస్తుంది. రాయి ఎగిరి తగిలి చిన్న సొట్ట పడినా పిస్టన్ అక్కడే పట్టుకొంటుంది. జంట గొట్టంలో బయటి గొట్టం సొట్టపడినా లోపలిది నడుస్తూ ఉంటుంది.

కంకర దారిలో తిరిగే పాల బండికి నా ఓటు రెండవ రకానికే. అది దొరకకపోతే కంపెనీ మొదట బిగించిన రకమే తీసుకోవడం క్షేమం. "హెవీ డ్యూటీ" అని వ్రాసి ఉన్నదల్లా మంచిదనుకొనరాదు. మన బండి పోయేటపుడు ఖాళీ క్యాన్లతో పోతుంది, వచ్చేటపుడు నిండు క్యాన్లతో వస్తుంది. మరీ గట్టిదైతే పోయేటపుడు ప్రతి రాయీ క్యాన్లకు తగులుతుంది, అల్యూమినియం క్యాన్లు సొట్టలు పడతాయి. ఎప్పుడూ నిండు బరువుతోనే తిరిగే బండికి అది సరిపోవచ్చు.

పాతవాటిలో నూనె మార్చి, రంగు వేసి అమ్మేవి కూడా పట్టణాలలో దొరుకుతాయి. అరిగిన పిస్టన్, గీతలు పడిన కడ్డీ రంగుతో బాగుపడవు. వాటి జోలికి పోవద్దు. మార్చేటపుడు ఒకే ఇరుసుకు ఉన్న రెండింటినీ కలిపి మార్చాలి. ఒక పక్క కొత్తది, ఒక పక్క పాతది ఉంటే బ్రేకు వేసినపుడు బండి ఒక పక్కకు లాగుతుంది.

స్ట్రట్ ఉన్న బండ్లు

కొన్ని సంఘాలలో పాత ఓమ్ని వ్యాన్లు క్యాన్లు మోస్తున్నాయి. 2019లో వాటి తయారీ ఆగిపోయినా అవి ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. 2016లో వచ్చిన సూపర్ క్యారీ బండి కూడా ఇదే కోవలోనిది. వీటికి వెనుక కమాన్ కట్టలే ఉన్నా ముందు స్ట్రట్లు ఉంటాయి. ఎర్ల్ మెక్‌ఫెర్సన్ అనే అమెరికా ఇంజనీరు 1940లలో రూపొందించిన పద్ధతి ఇది. ఇందులో షాక్ అబ్జార్బరు, దాని చుట్టూ చుట్ట స్ప్రింగు, రెండూ ఒకే స్తంభంగా ఉండి, చక్రాన్ని నిలబెట్టే పని కూడా చేస్తాయి. అందుచేత స్ట్రట్ అరిగితే స్టీరింగు కూడా చెడుతుంది.

ఒక హెచ్చరిక. స్ట్రట్ పైన ఉండే నడిమి నట్టును బండి పక్కన కూర్చుని స్పానరుతో విప్పడం ప్రాణాంతకం. స్ప్రింగు అణిగి ఉంటుంది. నట్టు వదలగానే తుపాకి గుండులా లేస్తుంది. స్ప్రింగును బిగించి పట్టే పనిముట్టు ఉన్న షాపులోనే ఈ పని చేయించాలి. పై రబ్బరు మౌంటు, బేరింగు అప్పుడే మార్పించాలి. రెండవసారి విప్పే కూలి వాటి ధర కంటె ఎక్కువ అవుతుంది. తరువాత చక్రాల అలైన్‌మెంటు తప్పనిసరి.

కొటేషన్లు, బిగింపు

ఆడిట్‌లో అభ్యంతరం వస్తుందని అందరిలోకి తక్కువ కొటేషనుకు ఖరారు చేయడం మన అలవాటు. సరుకు ఒకటే అయినపుడు అది సరైన పద్ధతి. ఒకరు నూనె రకానికి, ఒకరు వాయువు రకానికి, ఒకరు పేరు లేని సరుకుకు ధర వేస్తే ఆ మూడింటినీ పోల్చడం పాలకు, మజ్జిగకు ధర పోల్చడం వంటిది. అడిగే ఉత్తరంలోనే బండి మోడలు, సంవత్సరం, తయారీదారు పార్టు నంబరు, రకం, బుష్షులతో సహానా కాదా, గ్యారంటీ ఎన్ని నెలలు అన్నది వ్రాయాలి. అప్పుడు తక్కువ ధరకు అర్థం ఉంటుంది. ఎక్కువ ధరది తీసుకొనవలసి వస్తే కారణం తీర్మానంలో రెండు వాక్యాలు వ్రాయండి. నేను ఎన్నో సంఘాల పుస్తకాలు చూశాను, కారణం వ్రాసిన చోట ఎవరూ తప్పు పట్టలేదు. జి.ఎస్.టి. బిల్లు లేకుండా కొన్నదానికి మాత్రం గ్యారంటీ అడిగే హక్కు పోతుంది. తయారై 8 ఏళ్ళు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించవలసి ఉంటుంది కనుక, ఆ నెలకు ముందే ఈ పని పెట్టుకొంటే రెండు పనులూ కలిసి వస్తాయి.

బిగించే ముందు జంట గొట్టం నూనె రకాన్ని నిలువుగా పట్టుకొని పూర్తిగా లాగి, పూర్తిగా నొక్కి, నాలుగైదుసార్లు ఆడించాలి. దుకాణంలో పడుకోబెట్టి ఉంచడం వల్ల నూనె గదిలోకి గాలి చేరి ఉంటుంది. ఇట్లా చేయకపోతే కొత్తది కూడా మొదట్లో పట్టు లేనట్లు అనిపిస్తుంది. మెరిసే కడ్డీని ప్లయరుతో పట్టుకొంటే గీత పడుతుంది, ఆ గీతే సీలును కోస్తుంది. రబ్బరు బుష్షులకు గ్రీజు, ఇంజను ఆయిలు పూయవద్దు. రబ్బరు ఉబ్బి పాడవుతుంది, సబ్బు నీళ్ళు చాలు. కన్ను ఉన్న చివర బోల్టులను బండి చక్రాల మీద నిలబడిన తరువాతనే గట్టిగా బిగించాలి. జాకీ మీద వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలితిరిగి ఉండిపోయి తొందరగా చిరుగుతుంది. వారం రోజులు నడిచిన తరువాత మరొకసారి స్పానరు వేసి చూడాలి.

నల్లమల అంచు సంఘంలో నాలుగూ మార్చారు. అదే వారం నుండి సగం క్యాన్లు పంపడం మాని, మిగులు పాలను మెడవరకు నింపిన క్యాన్లలోకి సర్దడం కూడా మొదలుపెట్టారు. తేడా 0.2 నుండి దాదాపు లెక్కలోకి రానంతకు తగ్గింది. ఇందులో షాక్ అబ్జార్బర్ల పాలు ఎంత, నిండు క్యాన్ల పాలు ఎంత అని విడదీసి చెప్పలేను. రెండూ ఒకేసారి జరిగాయి. ఆ పెద్దావిడకు కార్యదర్శి బండి కిందికి వంగి పాత షాక్ అబ్జార్బరు చూపించాడట. "ఇంత ఇనుప ముక్కా మా వెన్న తిన్నది!" అన్నదట.

విప్పిన పాతవాటిని డ్రైవరుకు వదిలివేయకుండా తుక్కు రిజిస్టరులో ఎక్కించి, తూకం వేసి అమ్మి, రసీదు జతపరచండి. వాయువు రకం వాటిని మంటలో వేయడం గాని, గొట్టం కోయడం గాని చేయవద్దని కొనేవానికి ముందే చెప్పాలి. లోపల ఒత్తిడి ఇంకా ఉండవచ్చు.